34 ఏళ్ల పురుషుడిలో లూపస్: రోగనిరోధక వ్యవస్థపై ఆడ, మగ భేదం ఎలా పనిచేస్తుందో చూపిన ఒక కేసు

లూపస్ అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు. ఈ కేసులోని వ్యక్తి వయసు 34 ఏళ్లు. ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగి. పెళ్లయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. రుమటాలజీ విభాగంలో నా దగ్గరకు వచ్చేసరికి జబ్బు మొదలై ఏడు నెలలు గడిచాయి. మొదట రెండు చేతుల వేళ్లు, మణికట్లు, మోకాళ్లు పొద్దున లేవగానే బిగుసుకుపోవడం, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడడం కనిపించాయి. వైరల్ జ్వరం తర్వాత మిగిలిన నొప్పులని నొప్పి మాత్రలు ఇచ్చారు. నాలుగో నెలలో ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. జ్వరం, బరువు తగ్గడం, ఊపిరితిత్తి చుట్టూ నీరు అనే మూడూ ఒక యువకుడిలో కలిసి కనిపిస్తే వైద్యుడి ఆలోచన క్షయ వైపు వెళ్లడం సహజమే, ఎందుకంటే క్షయ బారిన పడే పెద్దవారిలో ఆడవారి కంటే మగవారే ఎక్కువ. తీసిన నీటిలో క్షయ సూక్ష్మజీవి కనబడలేదు, కల్చర్‌లో పెరగలేదు, క్షయలో పెరిగే ఏడీఏ అనే ఎంజైమ్ విలువ కూడా 24 యూనిట్లే వచ్చింది. అయినా అనుమానం మీద ఐసోనియాజిడ్‌తో సహా క్షయ మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు వాడినా జ్వరం తగ్గకపోవడంతో సొంత కణాల కేంద్రకాల మీద తయారయ్యే యాంటీన్యూక్లియర్ యాంటీబాడీ కోసం పరీక్ష చేయించగా, అది పాజిటివ్ అని వచ్చింది. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకొని ఆయన నా దగ్గరకు వచ్చారు.

మొదటి రోజు నేను చేసిన పొరపాటును ముందే చెప్పాలి. ఐసోనియాజిడ్ వాడేవారిలో కొందరికి మందు వల్ల వచ్చే లూపస్ కనబడుతుంది, మందు ఆపితే అది కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. ఎదుట ఉన్నది మగ రోగి, వాడుతున్నది ఐసోనియాజిడ్, రక్తంలో యాంటీన్యూక్లియర్ యాంటీబాడీ. ఈ మూడూ కలిసేసరికి నా మనసు అక్కడే ఆగిపోయింది. మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్ ఉన్నా దాన్ని జ్వరం కిందికి నెట్టేశాను. ఛాతీ వైద్యులతో మాట్లాడి క్షయ మందులు ఆపించి, మూడు వారాల తర్వాత రమ్మన్నాను. ఇవే లక్షణాలతో, ఇదే రిపోర్టుతో 34 ఏళ్ల స్త్రీ వచ్చి ఉంటే అదే రోజు మూత్రంలో ప్రొటీన్‌ను కొలిపించి, లూపస్ విజృంభిస్తే రక్తంలో తగ్గే కాంప్లిమెంట్ ప్రొటీన్ల పరీక్షలు రాసి ఉండేదాన్ని. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

మూడు వారాల తర్వాత ఆయన చెప్పులు బిగుతై, మడమల దగ్గర చర్మం మీద పట్టీ గుర్తులు దిగబడి వచ్చారు. గాజు గొట్టంలో పట్టిన మూత్రం మీద నురుగు పది నిమిషాలు గడిచినా అణగలేదు. మైక్రోస్కోప్ కింద ఎర్రకణాలు గొట్టాల ఆకారంలో అచ్చుపోసినట్టు అతుక్కొని కనిపించాయి. అది మూత్రపిండంలోని వడపోత గుచ్ఛాలు మంటెక్కాయనడానికి గుర్తు. అప్పుడు ఆయన సంచిలోని మందుచీట్లన్నీ తీసి బల్ల మీద తేదీల వారీగా పేర్చాను. వేళ్ల బిగుతుకు రాసిన మొదటి చీటీకి, ఐసోనియాజిడ్ మొదలైన చీటీకి మధ్య నాలుగు నెలల తేడా ఉంది. మందు వల్ల జబ్బు వచ్చిందంటే మందు కంటే ముందే జబ్బు ఎలా మొదలవుతుంది? ఈ ప్రశ్న మొదటి రోజే నాకు తట్టవలసింది.

ఆయనను వెంటనే చేర్చుకున్నాం. హిమోగ్లోబిన్ 9.8 గ్రాములు, తెల్లకణాలు 3,100, ప్లేట్‌లెట్లు 1.2 లక్షలు, క్రియాటినిన్ 1.6, ఆల్బుమిన్ 2.4, 24 గంటల మూత్రంలో ప్రొటీన్ 3.8 గ్రాములు. కాంప్లిమెంట్ సీ3, సీ4 రెండూ బాగా తగ్గి ఉన్నాయి. సొంత డీఎన్ఏ మీద తయారయ్యే డబుల్ స్ట్రాండెడ్ డీఎన్ఏ యాంటీబాడీలు ఎక్కువ స్థాయిలో, వాటితో పాటు యాంటీ స్మిత్, యాంటీ ఆర్ఎన్‌పీ యాంటీబాడీలు ఉన్నాయి. రక్తం గడ్డకట్టే ముప్పును సూచించే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు నెగెటివ్. మూత్రపిండ బయాప్సీలో నాలుగో తరగతి లూపస్ నెఫ్రైటిస్, అంటే లూపస్ వల్ల మూత్రపిండాల్లో వచ్చే తీవ్రమైన మంట, తేలింది. 2019 నాటి అంతర్జాతీయ వర్గీకరణ ప్రమాణాల ప్రకారం లూపస్ అనడానికి 10 మార్కులు చాలు. మూత్రపిండం, యాంటీబాడీలు, కాంప్లిమెంట్, ఊపిరితిత్తి నీరు, కీళ్లు, తెల్లకణాలు, జ్వరం అన్నీ కలిపితే ఈయనకు 36 వచ్చాయి.

రోగ నిర్ధారణ చెప్పిన రోజు సాయంత్రం ఆయన అడిగిన ప్రశ్న ఇది: "డాక్టరు గారూ, ఇది ఆడవాళ్లకొచ్చే జబ్బని చదివాను. నాకెందుకొచ్చింది?" ఆ పూట నేను చెప్పిన జవాబు పొడిగా ఉంది. పదిమంది లూపస్ రోగుల్లో తొమ్మిది మంది స్త్రీలు, ఒకరు పురుషుడు, ఆ ఒకరు మీరు అన్నాను. అందులో తప్పేమీ లేదు, కానీ ఆయన అడిగిన 'ఎందుకు'కు అది జవాబు కాదు.

అసలు జవాబు దొరికింది మర్నాడు, చికిత్స ఎంచుకునే చర్చలో. నాలుగో తరగతి నెఫ్రైటిస్‌కు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఒక దారి, మైకోఫెనోలేట్ అనే మందు మరో దారి. మొదటిది వృషణాలను దెబ్బతీయగలదు కాబట్టి పిల్లల విషయం అడగడం తప్పనిసరి. అడిగితే ఆయన తల దించుకొని, రెండేళ్ల క్రితం వీర్యపరీక్షలో కణాలు అసలే లేవని చెప్పారని, ఆ తర్వాత ఎక్కడికీ వెళ్లలేదని అన్నారు. అప్పుడు ఆయనను మళ్లీ మొదటి నుంచి పరీక్షించాను. ఎత్తు 184 సెంటీమీటర్లు, మొండెం కంటే కాళ్లు పొడవు, గడ్డం పలచన, రొమ్ముల కింద చేతికి తగిలే చిన్న గట్టిదనం. వృషణాల కొలతకు వాడే పూసల దండను పక్కన పెట్టి పోలిస్తే రెండు వైపులా 4 మిల్లీలీటర్ల పూసకు మించలేదు, తాకితే గట్టిగా ఉన్నాయి. వయోజనుడికి ఆ కొలత సాధారణంగా 15 కంటే ఎక్కువ ఉంటుంది. టెస్టోస్టిరాన్ తక్కువ. తీవ్రమైన జబ్బులో ఎవరికైనా అది తగ్గవచ్చు, కానీ అప్పుడు వృషణాలను పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్లు పెరగవు. ఈయనలో రెండూ చాలా ఎక్కువగా ఉన్నాయి, అంటే లోపం వృషణాల్లోనే ఉంది. క్రోమోజోమ్ పరీక్ష ఫలితం రెండు వారాలకు వచ్చింది. పరీక్షించిన ప్రతి కణంలోనూ 47 క్రోమోజోములు, వాటిలో రెండు ఎక్స్‌లు, ఒక వై. మామూలు పురుషుడికి ఉండేవి 46, వాటిలో ఒక ఎక్స్, ఒక వై. ఇది క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్.

ఇది అరుదైన స్థితి కాదు. పుట్టే మగపిల్లల్లో 500 నుంచి 1000 మందికి ఒకరిలో ఉంటుంది, అందులో ఎక్కువ మందికి జీవితాంతం ఎవరూ చెప్పరు. లూపస్‌తో దీనికున్న సంబంధం 2008లో స్పష్టంగా బయటపడింది. లూపస్ ఉన్న 213 మంది పురుషులను పరీక్షిస్తే ఐదుగురిలో అదనపు ఎక్స్ కనిపించింది. మామూలు పురుషుల్లో ఉండే దాని కంటే అది సుమారు 14 రెట్లు ఎక్కువ. వేరే మాటల్లో చెప్పాలంటే, రెండు ఎక్స్‌లున్న పురుషుడికి లూపస్ ముప్పు దాదాపు స్త్రీకి ఉన్నంత ఉంటుంది. 'ఆడవాళ్ల జబ్బు' అని మనం అలవాటుగా అనేది చాలా మేరకు 'రెండు ఎక్స్‌ల జబ్బు' అన్నమాట.

ఎందుకలా?

స్త్రీ ప్రతి కణంలోనూ ఉన్న రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి గర్భస్థ దశ తొలినాళ్లలోనే మూగబోతుంది. ఈ సంగతిని మేరీ లియాన్ 1961లో ప్రతిపాదించారు. రెండు ఎక్స్‌లున్న శరీరానికీ ఒకటే ఉన్న శరీరానికీ జన్యువుల మోతాదు సమానం కావడానికి ప్రకృతి చేసుకున్న ఏర్పాటు ఇది. కానీ ఆ మూత పూర్తిగా బిగియదు. మూగబోయిన ఎక్స్ మీది కొన్ని జన్యువులు తప్పించుకొని పనిచేస్తూనే ఉంటాయి. రోగనిరోధకతకు సంబంధించి వాటిలో నేను ముఖ్యంగా చెప్పవలసింది టీఎల్ఆర్7 అనే జన్యువు. అది తయారుచేసేది కణం లోపలి సంచుల్లో కూర్చొని ఆర్ఎన్ఏ పోగులను పట్టుకొనే కాపలా ప్రొటీన్. వైరస్ ఆర్ఎన్ఏ దొరికితే, వైరస్‌ను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రొటీన్ విడుదలయ్యేలా గంట కొడుతుంది. మన సొంత ఆర్ఎన్ఏ, దాన్ని మోసే ప్రొటీన్లు చచ్చిన కణాల నుంచి అక్కడికి చేరినా అదే గంట మోగే ప్రమాదం ఉంది. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో స్త్రీలలో యాంటీబాడీలను తయారుచేసే బీ కణాల్లోనూ మరికొన్ని నిరోధక కణాల్లోనూ రెండు ఎక్స్‌ల మీది టీఎల్ఆర్7 జన్యువులు కొంత భాగంలో ఒకేసారి పనిచేస్తున్నాయని, క్లైన్‌ఫెల్టర్ పురుషుల కణాల్లోనూ సరిగ్గా అదే జరుగుతోందని చూపారు. నా రోగి రక్తంలో దొరికిన యాంటీ స్మిత్, యాంటీ ఆర్ఎన్‌పీ యాంటీబాడీలు ఆర్ఎన్ఏను మోసే ప్రొటీన్ల మీదే తయారైనవి. ఆ వరుసను గుర్తించినప్పుడు ల్యాబ్ రిపోర్టు ఒక్కసారిగా అర్థవంతంగా కనిపించింది.

ఈ ఒక్క జన్యువు రెండు దిక్కులా ఏం చేయగలదో చూపిన రెండు ఉదాహరణలు నా మనసులో పక్కపక్కనే ఉంటాయి. 2020లో, కోవిడ్ మొదటి నెలల్లో, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న నలుగురు యువకులు ఊపిరాడక వెంటిలేటర్ దాకా వెళ్లారు. రెండు కుటుంబాలకు చెందిన ఆ నలుగురిలోనూ టీఎల్ఆర్7 పనిచేయని మార్పు ఉందని తేలింది. మగవాడికి ఉన్నది ఒకటే ఎక్స్, అందులోని జన్యువు చెడితే ఆదుకోవడానికి రెండోది లేదు. 2022లో చిన్నతనంలోనే తీవ్రమైన లూపస్ వచ్చిన ఒక బాలికలో అదే టీఎల్ఆర్7 అతిగా పనిచేసే మార్పు దొరికింది. ఆ మార్పును ఎలుకల్లో పెడితే వాటికీ లూపస్ వచ్చింది. గంట మోగకపోతే వైరస్ గెలుస్తుంది, ఆగకుండా మోగితే శరీరం తన మీద తానే తిరగబడుతుంది.

ఎక్స్‌ను మూగబుచ్చే యంత్రాంగం కూడా అమాయకమైనది కాదని 2024లో తెలిసింది. ఎగ్జిస్ట్ అనే పొడవాటి ఆర్ఎన్ఏ రెండో ఎక్స్‌ను కప్పుకొని, తన చుట్టూ పదుల కొద్దీ ప్రొటీన్లను పోగుచేస్తుంది. ఆ ప్రొటీన్లలో చాలా వాటి మీద స్వయం ప్రతిరక్షక వ్యాధిగ్రస్తుల్లో యాంటీబాడీలు కనిపిస్తాయి. మగ ఎలుకల్లో ఎగ్జిస్ట్‌ను కృత్రిమంగా తయారయ్యేలా చేసి, లూపస్ తెప్పించే రసాయనం ఇస్తే, జబ్బుకు లోనయ్యే జాతిలో వాటికి ఆడ ఎలుకల స్థాయిలో జబ్బు వచ్చింది. ఎగ్జిస్ట్ మామూలు మగవాడి శరీర కణాల్లో పనిచేయదు, రెండో ఎక్స్ ఉన్న నా రోగిలో మాత్రం ప్రతి కణంలోనూ పనిచేస్తుంది.

ఇక హార్మోన్లు. లూపస్‌లో స్త్రీల ఆధిక్యం యుక్తవయసుకూ రుతుక్రమం ఆగే వయసుకూ మధ్య అత్యధికంగా ఉంటుంది, దానికి అటూ ఇటూ తగ్గుతుంది. ఎక్స్‌ల సంఖ్య పుట్టుక నుంచి చావు దాకా మారదు కాబట్టి, ఈ ఎత్తుపల్లాలకు కారణం హార్మోన్లలో ఉందని ఒప్పుకోవాలి. ఈస్ట్రోజన్ బీ కణాలు బతికి నిలబడేందుకు, యాంటీబాడీలు పదునెక్కేందుకు తోడ్పడుతుంది. టెస్టోస్టిరాన్ మొత్తం మీద పగ్గం వేస్తుంది. బీ కణాలను బతికించే బాఫ్ అనే ప్రొటీన్ టెస్టోస్టిరాన్ తగ్గితే పెరుగుతుందని ఎలుకల్లోనూ మగవారిలోనూ కనిపించింది. క్లైన్‌ఫెల్టర్‌లో ఎక్స్ ఒకటి ఎక్కువ, టెస్టోస్టిరాన్ తక్కువ. మరి నా రోగికి లూపస్ తెచ్చింది క్రోమోజోమా, హార్మోనా? ఒక్క మనిషిలో ఆ రెంటినీ విడదీయలేం. ఎలుకల్లో మాత్రం విడదీశారు. వృషణాలను ఏర్పరచే జన్యువును వై నుంచి వేరే క్రోమోజోముకు మార్చి, ఒకే రకం గ్రంథులున్నా ఎక్స్ఎక్స్, ఎక్స్‌వై తేడా మాత్రమే ఉన్న ఎలుకలను తయారుచేసి చూస్తే, ఎక్స్ఎక్స్ ఎలుకలకే లూపస్ ఎక్కువగా వచ్చింది. హార్మోన్ల పాత్ర అంతటితో కొట్టివేతకు గురికాదు, కానీ క్రోమోజోముకు తనదైన వాటా ఉందని అది తేల్చింది.

అలాగని ఎక్స్‌లను లెక్కపెట్టి జబ్బును చెప్పేయవచ్చని అనుకోకూడదు. ఒకే ఎక్స్ ఉన్న టర్నర్ సిండ్రోమ్ స్త్రీలలో లూపస్ అరుదే, కానీ థైరాయిడ్ మీద తిరగబడే స్వయం ప్రతిరక్షక వ్యాధి మామూలు స్త్రీలలో కంటే ఎక్కువ. వెన్నెముక బిగుసుకుపోయే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌ను మగవారిలో ఎక్కువగా గుర్తిస్తాం. కోవిడ్‌లో మరో విచిత్రం చూశాం. ఇంటర్‌ఫెరాన్‌ను పనిచేయనీయకుండా అడ్డుకునే స్వయం యాంటీబాడీలు ప్రాణాంతక దశలో ఉన్న 987 మంది రోగుల్లో 101 మందిలో దొరికితే, ఆ 101లో 95 మంది పురుషులు. స్వయం యాంటీబాడీలు స్త్రీలకే ఎక్కువ అన్న మాట ఇక్కడ తలకిందులైంది. అందుకే స్త్రీల రోగనిరోధకత 'బలమైనది', పురుషులది 'బలహీనమైనది' అనే వాడుక నాకు ఇష్టం లేదు. ఏ కణం, ఏ సంకేతం, ఏ వయసు అని అడగకపోతే ఆ మాటకు అర్థం ఉండదు.

చికిత్సలో ఈ అవగాహన ఎక్కడెక్కడ అక్కరకొచ్చిందో చెబుతాను. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ మూడు రోజులు నరం ద్వారా ఇచ్చి, తర్వాత ప్రెడ్నిసోలోన్ మాత్రలకు మారి, మైకోఫెనోలేట్‌ను మెల్లగా పెంచాం. వృషణాల్లో మిగిలిన కాస్త అవకాశాన్ని పాడుచేయకూడదనే సైక్లోఫాస్ఫమైడ్ వద్దనుకున్నాం. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను శరీర బరువు కిలోకు 5 మిల్లీగ్రాములకు మించకుండా, మూత్రపిండాల పనితీరును బట్టి ఇంకొంచెం తగ్గించి ఇచ్చాం. ఈ పాత మందు కణం లోపలి సంచుల్లో టీఎల్ఆర్7 గంట మోగకుండా చేసే పనే చేస్తుంది. మాత్రలు మానకూడదని ఆయనకు నచ్చజెప్పడానికి ఇంతకంటే మంచి కారణం నాకు దొరకలేదు. స్టిరాయిడ్లు ఎముకను పలచబరుస్తాయి, టెస్టోస్టిరాన్ లేమి అంతకుముందే ఆ పని చేసి ఉంటుంది. అందుకే ఎముక సాంద్రత పరీక్షను మొదటి నెలలోనే చేయించాం. అదే వయసు పురుషుల సగటుతో పోల్చే జెడ్ స్కోరు వెన్నెముకలో మైనస్ 2.2 వచ్చింది, అంటే ఎముక వయసుకు తగినంత గట్టిగా లేదు. మామూలు మగ రోగి అయితే ఇంత త్వరగా చూసేవాళ్లం కాదు. న్యూమోకాకల్, ఇన్‌ఫ్లూయెంజా టీకాలు వేయించాం, ప్రాణంతో ఉన్న సూక్ష్మజీవుల టీకాలు వద్దన్నాం. టీకాల విషయంలోనూ ఆడ, మగ తేడా చిన్నదేమీ కాదు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇన్‌ఫ్లూయెంజా టీకా సగం మోతాదు తీసుకున్న స్త్రీలలో తయారైన యాంటీబాడీలు పూర్తి మోతాదు తీసుకున్న పురుషుల స్థాయికి దాదాపు సరితూగాయి. అయినా ఇప్పటికీ అందరికీ ఒకే మోతాదు ఇస్తున్నాం.

టెస్టోస్టిరాన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే మాలో ఎక్కువ చర్చకు వచ్చిన విషయం. ఎముకకూ కండకూ అది అవసరం. కానీ ఆల్బుమిన్ 2.4 ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే ముప్పు అంతకుముందే ఉంది, టెస్టోస్టిరాన్‌తో అది పెరగవచ్చు. పైగా బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే వృషణాల్లో మిగిలిన కొద్దిపాటి వీర్యకణాల తయారీ కూడా ఆగిపోతుంది. క్లైన్‌ఫెల్టర్ పురుషుల్లో కొందరికి మైక్రోస్కోప్ సాయంతో వృషణ కణజాలంలోంచి వీర్యకణాలను వెతికి తీయడం సాధ్యమవుతుంది. అందుకని ముందు మూత్రపిండాలు, తర్వాత ఆ వెతుకులాట, చివర టెస్టోస్టిరాన్ అని వరుస పెట్టుకున్నాం. పదో నెలలో, ప్రొటీన్ రోజుకు 0.7 గ్రాములకు దిగాక, ఆ శస్త్రచికిత్స జరిగింది. కణాలు దొరకలేదు. ఆ కబురు చెప్పిన రోజు ఆయన భార్య కూడా పక్కనే ఉన్నారు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. మరుసటి నెల నుంచి టెస్టోస్టిరాన్ జెల్ మొదలైంది.

ఇప్పటికి 18 నెలలు. ప్రొటీన్ రోజుకు 0.4 గ్రాములు, క్రియాటినిన్ 1.1, కాంప్లిమెంట్ మామూలు స్థాయికి వచ్చింది, ప్రెడ్నిసోలోన్ రోజుకు 5 మిల్లీగ్రాములు. టెస్టోస్టిరాన్ లూపస్‌ను అణచిందని నేను అనను. జబ్బు చాలా వరకు అంతకుముందే లొంగింది, ఆ ఘనత మైకోఫెనోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్‌లదే. ఈ మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెడుతుందేమోనని భయపడ్డాం, రెండుసార్లూ అది మామూలు మూత్రకోశ ఇన్‌ఫెక్షనే.

కిందటి సంప్రదింపులో, రోగ నిర్ధారణ రోజు ఆయన అడిగిన ప్రశ్నకు ఈసారి తీరిగ్గా జవాబు చెప్పాను. కాగితం మీద రెండు ఎక్స్‌లు, ఒక వై గీసి, గంట ఎక్కడ ఉందో, అది ఎందుకు గట్టిగా మోగుతోందో చూపించాను. అంతా విని ఆయన అడిగింది తన గురించి కాదు. "మా చెల్లెలికి కూడా వస్తుందా డాక్టరు గారూ?" అన్నారు. అదనపు ఎక్స్ సాధారణంగా వంశపారంపర్యంగా వచ్చేది కాదని, తల్లి అండంలోనో తండ్రి వీర్యకణంలోనో విభజన తప్పడం వల్ల వస్తుందని చెప్పాను. లూపస్ సంగతి వేరు, దగ్గరి బంధువులకు ముప్పు కొంచెం పెరుగుతుంది, పైగా ఆమెకు రెండు ఎక్స్‌లు పుట్టుకతోనే ఉన్నాయి. లక్షణాలు లేనప్పుడు యాంటీబాడీ పరీక్షలు చేయించవద్దని, వేళ్లు బిగుసుకున్నా, ఎండలో చర్మం ఎర్రబడినా, మూత్రంలో నురుగు కనిపించినా ఆలస్యం చేయకుండా చూపించుకోమనమని చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి మందుచీట్లతో పాటు సంచిలో పెట్టుకున్నారు.